నెల జీతం 2.60 లక్షలు, 13వ తేదీకి ఖాతాలో 912 రూపాయలు. విల్లా అమ్మాలా, అద్దెకివ్వాలా?

తెనాలి_ఆడపడుచు | జూన్ 14, 2025

అందరికీ నమస్కారం. ఇది మూడుసార్లు టైప్ చేసి మూడుసార్లు చెరిపేశాను. మా వారికి తెలియకుండా రాస్తున్నాను కాబట్టి కమ్యూనిటీ పేరు చెప్పను. తెల్లాపూర్ దాటాక కొల్లూరు వైపు, అవుటర్ రింగ్ రోడ్డుకి దగ్గర్లో. అలాంటి గేట్లు అక్కడ లెక్కలేనన్ని ఉన్నాయి, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

నేను ఒక కంపెనీలో పేరోల్ చూస్తాను. పదకొండు వందల మంది జీతాలు, పీఎఫ్, టీడీఎస్ పైసాతో సహా సరిచూసి వేస్తాను. మా ఇంటి లెక్క మాత్రం మూడేళ్ళ నుంచి కుదరడం లేదు. మా వారిది ఐటీ. చేతికొచ్చేది ఆయనకి 1,78,000, నాకు 82,000. మొత్తం 2,60,000. ఈ అంకె చూసి కొందరికి కోపం వస్తుందని తెలుసు. మా అమ్మకి చెప్తే కూడా నమ్మదు.

విల్లా 2021 అక్టోబర్‌లో తీసుకున్నాం. 1 కోటి 85 లక్షలు. అప్పటికి ఇంకా కడుతున్నారు, కాబట్టి జీఎస్టీ 5 శాతం, ఆపైన రిజిస్ట్రేషన్ ఏడున్నర శాతం. అన్నీ కలిపి 2 కోట్ల 8 లక్షలు అయింది. లోన్ 1 కోటి 20 లక్షలు. మియాపూర్‌లో ఉన్న టూ బెడ్‌రూమ్ ఫ్లాట్ అమ్మితే 46 వచ్చింది. మా మామయ్య గారు పర్చూరు దగ్గర ఎకరం పాతిక సెంట్లు అమ్మి 30 ఇచ్చారు. మిగతాది మా పొదుపు. ఆ ఏడాదే మా వారు కంపెనీ మారారు, జీతం ఒకేసారి 60 శాతం పెరిగింది. అప్పట్లో ఆఫీసుల్లో అందరి పరిస్థితీ అదే. రెండేళ్ళకి ఇంకోసారి మారితే ఇంకో 40 పెరుగుతుంది అన్న లెక్క మీద కొన్నాం. మారలేదు, పెరగలేదు. ఈ నాలుగేళ్ళలో వచ్చిన హైక్ ఒకే ఒక్కటి, 4 శాతం.

నెల ఖర్చు ఇదీ:

ఇంటి ఈఎంఐ 1,04,000. మొదట్లో 90,900 ఉండేది, వడ్డీ 6.7 నుంచి 9.2కి పోయాక ముందు ఏళ్ళు పెంచారు, తర్వాత ఈఎంఐ పెంచారు. ఇంటీరియర్స్ కోసం తీసుకున్న పర్సనల్ లోన్ 39,600. కారు 22,500. మెయింటెనెన్స్ చదరపు అడుగుకి నాలుగు రూపాయల చొప్పున 3,200 అడుగులకి 12,800, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 15,104. పిల్లలిద్దరి స్కూలు, బస్సు కలిపి నెలకి పంచితే 51,000. బాబుకి ఎనిమిదేళ్ళు, పాపకి నాలుగేళ్ళు.

కూడండి. 2,32,000 దాటుతుంది. మిగిలిన 27 వేల చిల్లరలో బియ్యం, పాలు, కూరలు, గ్యాస్, కరెంటు, పెట్రోలు, పనమ్మాయి, మామయ్య గారి షుగర్ మందులు. సరిపోదు. సరిపోనిది కార్డుల మీదకి వెళ్తోంది. మూడు కార్డుల మీద కలిపి ఇవాళ్టికి 6 లక్షల 40 వేలు.

ఇక్కడి వరకూ ఎవరైనా లెక్క వేసుకోగలరు. లెక్కలోకి రానిది ఈ గేటు లోపల బతకడానికయ్యే ఖర్చు. మియాపూర్‌లో పిల్లాడి పుట్టినరోజంటే కేకు, సమోసా, ఫ్రూటీ. ఇక్కడ క్లబ్‌హౌస్ బుక్ చేయాలి, థీమ్ ఉండాలి, వచ్చిన పాతికమంది పిల్లలకి రిటర్న్ గిఫ్ట్ ఉండాలి. మొదటి ఏడాది నేను స్టీలు టిఫిన్ బాక్సులు ఇచ్చాను. మంచి బ్రాండే. రెండు రోజుల తర్వాత అవి పనివాళ్ళ చేతుల్లో కనపడ్డాయి. అదేం తప్పు కాదు, నాకే ఎందుకో చివుక్కుమంది. రెండో ఏడాది ఒక్కో గిఫ్టుకి 650 పెట్టాను. బుద్ధి లేక పెట్టాను.

పోయిన వినాయక చవితి సంగతి చెప్పాలి. మా దగ్గరా లడ్డూ వేలం ఉంటుంది. బండ్లగూడ జాగీర్‌లో ఒక విల్లాల వాళ్ళది 2024లో 1 కోటి 87 లక్షలకి పోయిందని పేపర్లో చదివే ఉంటారు. మాది అంత కాదు. కానీ మైకు చేతిలో ఉన్నాయన మా వారి పేరు పిలిచి "ఏం సార్, ఈసారి మీ లైన్ వాళ్ళు గమ్మునున్నారేంటి" అన్నాడు. మా వారు నోరు జారారు. 1,16,000. చప్పట్లు, డప్పులు, శాలువా. నేను పాపని ఎత్తుకుని నవ్వుతూ నిలబడ్డాను, లోపల కడుపులో తిప్పుతోంది. వచ్చే చవితి లోపు కట్టాలి. చవితి ఆగస్టు 27. కోశాధికారి గారు గ్రూపులో ఎవరి పేరూ రాయకుండానే "పెండింగ్ ఉన్నవారు దయచేసి" అని వారానికోసారి పెడుతున్నారు. ఆ పెండింగ్ ఉన్నవారు మేమొక్కరమేనని నా అనుమానం.

నా పన్నెండు కాసుల హారం పోయిన జూన్ నుంచి బ్యాంకులో ఉంది, పిల్లల ఫీజు కోసం 5 లక్షలకి. వరలక్ష్మీ వ్రతం పేరంటానికి వన్ గ్రామ్ గోల్డ్ వేసుకుని వెళ్ళాను. ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టకపోతే సంతోషించాలి కదా. నాకు మాత్రం అక్కడ కూర్చున్న ఒక్కొక్కరి మెడ చూస్తూ, ఇందులో ఎన్ని బ్యాంకులో ఉన్నాయో అనే ధ్యాస పట్టుకుంది.

ఈ నెల మళ్ళీ ఫీజు వచ్చింది. నిన్న 13వ తేదీ, ఖాతాలో 912 రూపాయలు.

పక్క లైన్లో ఇలాంటి విల్లాకి 2.90 కోట్లు చెప్తున్నారు. నిజంగా చేతులు మారేది 2.60కి అని మా వాచ్‌మెన్ అన్నాడు, ఈ విషయంలో బ్రోకర్ కంటే అతని మాటే నమ్ముతాను. అద్దె 85 వేల దాకా వస్తుంది. అమ్మేసి బయటపడాలా? అద్దెకిచ్చి చిన్న ఫ్లాట్‌కి వెళ్ళాలా? లేక ఇంటీరియర్స్ లోన్ అయిపోయే 2027 దాకా పళ్ళ బిగువున లాక్కురావాలా? మా వారు ఈ మాట ఎత్తితేనే లేచి వెళ్ళిపోతున్నారు. తిట్టేవాళ్ళు తిట్టండి, కానీ దారి కూడా చెప్పండి.

మియాపూర్_బస్సు | జూన్ 14

రెండు లక్షల అరవై వేలు వచ్చి ఏడుస్తున్నారంటే మేమేం చెయ్యాలి మేడమ్? నా జీతం 38 వేలు, నలుగురం బతుకుతున్నాం. లడ్డూకి లక్షా పదహారు వేలు పాడినప్పుడు గుర్తు రాలేదా పిల్లల ఫీజు?

తెనాలి_ఆడపడుచు | జూన్ 14

మీ కోపం న్యాయమే. పాడినప్పుడు గుర్తొచ్చింది, నాకు. మైకు నా చేతిలో లేదు.

రిటైర్డ్_బ్యాంకోడు | జూన్ 15

అమ్మాయ్, ముప్పై రెండేళ్ళు బ్యాంకులో చేశాను, అందులో పదకొండేళ్ళు లోన్ల సెక్షన్లోనే. తిట్టను. మీలాంటి ఫైళ్ళు చాలా చూశాను. ఒకటే తేడా, వాళ్ళెవరూ నీలా లెక్క రాసుకుని రాలేదు.

ముందు ఇంటి లోన్. 2021లో రెపో రేటు, అంటే ఆర్బీఐ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, 4 శాతం. నీకు 6.7 ఇచ్చారంటే రెపో మీద బ్యాంకు వాటాగా 2.7 స్ప్రెడ్ వేశారు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రెండున్నర పెరిగి 6.5 అయింది. అప్పటికి నీ బాకీ 1 కోటి 16 లక్షల దగ్గర ఉండి ఉంటుంది. దాని మీద 9.2 చొప్పున నెల వడ్డీయే 88,900. నువ్వు కట్టేది 90,900. అంటే అసలులోకి నెలకి పోయింది రెండు వేలు. అదే ఈఎంఐ అలాగే కడుతూ పోతే ఇంకో నలభై ఏళ్ళు పైనే పట్టేది, అందుకే పెంచారు. నీ తప్పు కాదు అది. నెలకి లక్ష కట్టి అప్పు ఎందుకు తగ్గట్లేదా అని దేవుణ్ణి అడిగిన వాళ్ళని కూడా చూశాను.

ఇప్పుడు కథ మారింది. ఈ ఏడాది ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్ నెలల్లో కలిపి రెపో ఒక శాతం తగ్గింది, ఇప్పుడు 5.5. నీ రేటు ఈ రీసెట్‌కి 8.2కి రావాలి. బ్యాంకులు ఈఎంఐ తగ్గించకుండా నెలలు తగ్గిస్తాయి. మామూలుగా అయితే అదే మంచిది, నీకిప్పుడు కాదు. రీసెట్ సమయంలో ఈఎంఐ మార్చుకోవాలా, కాలం మార్చుకోవాలా అన్న ఎంపిక కస్టమర్‌కి ఇవ్వాలని ఆర్బీఐ 2023 ఆగస్టులోనే చెప్పింది. బ్రాంచికి పోయి రాతపూర్వకంగా అడుగు.

ఇంకో మాట. ఇవాళ కొత్తగా లోన్ తీసుకునే వాడికి 7.5 చుట్టుపక్కల ఇస్తున్నారు. పాత కస్టమరువి, నువ్వెందుకు 8.2 కట్టాలి? స్ప్రెడ్ తగ్గించమని అడుగు, కొంత ఫీజు తీసుకుని చేస్తారు. చెయ్యకపోతే వేరే బ్యాంకుకి మార్చు. ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్‌కి ముందస్తు చెల్లింపు మీద జరిమానా లేదు. 1 కోటి 12 లక్షలు బాకీ ఉందనుకుంటే 7.5కి ఇరవై ఏళ్ళకి ఈఎంఐ 90 వేలు. నెలకి 14 వేలు అక్కడే మిగులుతుంది. ప్రాసెసింగ్, ఎంఓడీ (ఇంటి కాగితాలు బ్యాంకుకి తనఖా రాసే రిజిస్ట్రేషన్) ఖర్చులు పోను కొన్ని నెలల్లో గిట్టుబాటు. కానీ కార్డులు అంచుల దాకా వాడేసి ఉంటే సిబిల్ స్కోరు పడిపోయి ఉంటుంది. ముందు అది చూసుకో.

అసలు నీ ఇంట్లో చెదపురుగు ఆ కార్డులే. నెలకి మూడున్నర శాతం అంటే ఏడాదికి 42. మినిమమ్ డ్యూ కడుతున్నానని తృప్తి పడకు, 6.40 మీద నెల వడ్డీయే 22 వేలు. కారు అమ్మేయి. మూడేళ్ళ కారు, లోన్ ఇంకా 9 లక్షలు ఉంటుంది, అమ్మితే పదకొండో పదకొండున్నరో వస్తుంది. లోన్ పోను మిగిలింది తిన్నగా కార్డులోకి. బంగారం రేటు లక్ష దాకా పోయింది, నీ పన్నెండు కాసుల మీద ఇంకో లక్ష పైన ఇస్తారు. బంగారం మీద వడ్డీ తొమ్మిదో పదో. 42 తీర్చడానికి 10కి తేవడం తప్పు కాదు. కార్డులు కత్తిరించి పారేస్తానంటేనే సుమా.

ఫ్రిస్కో_నుంచి | జూన్ 15

అక్కా, ఇది చదివి మా వీధే అనుకున్నాను. డాలస్ పక్కన మా కాలనీలో పది ఇళ్ళకి ఆరు మనవాళ్ళవే. ఇక్కడ ఇంటి విలువ మీద ఏటా రెండు శాతం దాకా ప్రాపర్టీ టాక్స్, హెచ్‌ఓఏ అని కాలనీ సంఘం ఫీజు వేరే. ఒకరు పెరట్లో స్విమ్మింగ్ పూల్ తవ్విస్తే ఆరు నెలల్లో ఇంకో నలుగురు తవ్వించారు. వాళ్ళలో ఒకాయనకి లేఆఫ్ అయింది. పూల్ శుభ్రం చేసే మనిషిని మాన్పించేసి ఆయనే రాత్రి పదకొండింటికి, లైట్ వేసుకోకుండా, వలతో ఆకులు తీస్తుంటాడు. మా కిచెన్ కిటికీలోంచి కనిపిస్తుంది. పలకరించాలో వద్దో తెలియక కర్టెన్ వేసేస్తాను.

సలహా ఏం లేదు. మీరు ఒంటరి కాదని చెప్పాలనిపించింది.

చందానగర్_మకాం | జూన్ 15

మేం చేసింది చెప్తాను, మీకు పనికొస్తే తీసుకోండి. మాదీ విల్లానే, మీకు ఆరు కిలోమీటర్లలో ఉంటుంది. 2023 డిసెంబర్‌లో అద్దెకిచ్చేసి చందానగర్‌లో త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్‌కి వచ్చాం. 30 వేలు అద్దె, మూడున్నర వేలు మెయింటెనెన్స్.

మీ లెక్కకి వేసి చూడండి. 85 వేలు వస్తుంది, 15 వేల మెయింటెనెన్స్ అద్దెకున్నవాళ్ళే కట్టుకుంటారు, మీకు 33 వేలు పోతుంది. నెలకి 66 వేల పైన తేడా. కారు ఈఎంఐ పోతే ఇంకో 22. బ్యాంకు తాతగారు చెప్పిన 14 కలిస్తే లక్ష దాటుతుంది. అమ్మాల్సిన అవసరమే రాకపోవచ్చు.

అయితే అందరూ చెప్పని సంగతులున్నాయి. మాకు అద్దెకి మనిషి దొరకడానికి రెండున్నర నెలలు పట్టింది. అంత అద్దె ఇచ్చేవాడు ఫర్నిచర్, మాడ్యులర్ కిచెన్, ఏసీలు అన్నీ అడుగుతాడు. మీరు 18 లక్షలో ఎంతో పెట్టి చేయించుకున్న వార్డ్‌రోబ్‌లో వేరే వాళ్ళ చీరలు వేలాడుతుంటే చూడాలి. మొదటిసారి మా ఇంటికి మేమే గెస్టుల్లా గేటు దగ్గర ఓటీపీ చెప్పి లోపలికి వెళ్ళాం. సెక్యూరిటీ అబ్బాయికి నేను తెలుసు, నమస్తే మేడమ్ అని, మళ్ళీ ఓటీపీ అడిగాడు. ఆ రోజు కారులో ఏడ్చాను. తర్వాత ఏడవలేదు.

చుట్టుపక్కల వాళ్ళకి ఏం చెప్పామంటారా? స్కూలు దగ్గర అని చెప్పాం. ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు. మీరు అనుకున్నంతగా మన గురించి ఎవరూ ఆలోచించరు, వాళ్ళ ఈఎంఐలు వాళ్ళకి ఉన్నాయి.

ఆడిటర్_గారు | జూన్ 16

పన్ను విషయం ఎవరూ ఎత్తలేదు కాబట్టి రెండు ముక్కలు.

అమ్మితే: ఇరవై నాలుగు నెలలు దాటింది కాబట్టి లాంగ్ టర్మ్. 2024 జూలై 23కి ముందు కొన్న ఇల్లు కాబట్టి రెండు పద్ధతుల్లో ఏది తక్కువైతే అది. ఇండెక్సేషన్ (కొన్న ధరని ధరల సూచీ ప్రకారం పెంచి లెక్కేయడం) లేకుండా పన్నెండున్నర శాతం, లేదా ఇండెక్సేషన్‌తో 20. మీ ఖర్చు 2.08 కోట్లు, 2021-22 సూచీ 317, ఈ ఏడాది సూచీ 376. లెక్క కడితే 2.46 దాటుతుంది. 2.60కి అమ్మితే లాభం 13, 14 లక్షలు, పన్ను రెండున్నర నుంచి మూడు లక్షల లోపు. మొదటి పద్ధతిలో ఆరున్నర లక్షలు అవుతుంది, కాబట్టి అది వద్దు. ఆ లాభం పెట్టి ఇంకో ఇల్లు కొంటే సెక్షన్ 54 కింద ఇదీ ఉండదు. కొనేవారు ఒక శాతం టీడీఎస్ పట్టుకుంటారు, కంగారు పడకండి, రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. అసలు చెల్లింపు మీద 80సీ పన్ను మినహాయింపు వాడుకుని ఉంటే ఐదేళ్ళు నిండకుండా అమ్మినందుకు అది తిరిగి ఆదాయంలో కలుపుతారు. మీ నెల కట్టుబడిలో అసలు భాగం తక్కువే కాబట్టి పెద్ద మొత్తం ఉండదు.

ఇంటి లోన్, ఇంటీరియర్స్ లోన్ మిగిలిన ఎనిమిదిన్నర, కార్డులు, బంగారం, బ్రోకర్ అన్నీ పోగా చేతిలో 1 కోటి 20 లక్షలకి పైనే మిగలాలి. చందానగర్, బీరంగూడ వైపు ఆ డబ్బుతో అప్పు లేకుండా త్రీ బెడ్‌రూమ్ వస్తుంది.

అద్దెకిస్తే: అద్దెలో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్, మిగిలిన దాంట్లోంచి వడ్డీ తీసేయొచ్చు. మీ వడ్డీ ఎక్కువ కాబట్టి అద్దె మీద పన్ను పడదు. నెలకి 50 వేలు దాటిన అద్దె కాబట్టి అద్దెకున్నవారు 2 శాతం టీడీఎస్ కట్టాలి, అగ్రిమెంట్‌లోనే రాసుకోండి.

రెండూ తప్పు కాదు. ఉన్నచోటే ఉండి 2027 దాకా లాక్కురావడం అన్న మూడోది మాత్రం, కార్డుల వడ్డీ చూశాక, నేను లెక్కలోకే తీసుకోను.

విల్లా_నంబర్_చెప్పను | జూన్ 17

నేను ఒక కమిటీలో ఉన్నాను, మీదేనో కాదో తెలీదు. మా దగ్గర నాలుగు నెలలు మెయింటెనెన్స్ కట్టనివాళ్ళు పదిహేడు ఇళ్ళు. అందులో మూడు ఇళ్ళ ముందు జర్మన్ కార్లున్నాయి. లడ్డూ బాకీలు కూడా ఉంటాయి, పేర్లు చెప్పం. కోశాధికారికి నేరుగా ఫోన్ చేసి వాయిదాలు అడగండి. గ్రూపులో మెసేజ్ పెట్టేవాడు మీరు ఎప్పుడు ఫోన్ చేస్తారా అని ఎదురు చూస్తుంటాడు తప్ప మీ పరువు తీద్దామని కాదు. నేనే ఆ మెసేజ్‌లు టైప్ చేస్తాను, నాకు తెలుసు.

మియాపూర్_బస్సు | జూన్ 17

మేడమ్, మొన్న కోపంలో రాశాను. కారు అమ్మితే తెల్లాపూర్ నుంచి లింగంపల్లి స్టేషన్‌కి షేర్ ఆటోలు ఉన్నాయి, అక్కడి నుంచి ఎంఎంటీఎస్‌లో హైటెక్ సిటీ. మీ ఆఫీసు అటు అయితే కారు కంటే ముందే వెళ్తారు.

తెనాలి_ఆడపడుచు | జూన్ 22

అందరికీ థాంక్స్. బస్సు గారికి కూడా. మా ఆఫీసు అటే.

ఈ పేజీ మా వారికి చూపించాను. రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్ ఇచ్చి, నేను వంటగదిలోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. అరగంట చదివారు. లడ్డూ దగ్గర అరుస్తారనుకున్నా. అరవలేదు. "నాన్న పొలం గురించి ఒక్క లైనే రాశావేంటి" అన్నారు.

అప్పుడు నాకు తట్టింది. నేను మూడేళ్ళ నుంచి ఈయన ఎదురింటి వాళ్ళకి భయపడుతున్నారనుకుంటున్నాను. ఆయన భయం ఇంట్లోనే, కింద గదిలో పడుకుని ఉంది. అత్తయ్య పోయాక మామయ్య గారు మా దగ్గరే ఉంటున్నారు. పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని, దారిన పోయే ప్రతి తోటమాలికీ "మా అబ్బాయి ఇల్లు" అని చెప్తుంటారు. ఆ ఎకరం పాతిక ఆయన తండ్రి కొన్నది. ఈ ఇంటి గోడల్లో అది ఉందని మా వారి లెక్క. అమ్మడమంటే పొలాన్ని రెండోసారి అమ్మడం.

బ్యాంకు తాతగారూ, మీరు చెప్పినట్టు బ్రాంచికి వెళ్ళాను. ముందు "సిస్టమ్ తీసుకోదు మేడమ్" అన్నారు. ఆర్బీఐ 2023 అని కాగితం మీద రాసి ఇచ్చాక తీసుకుంది. స్కోరు 691 ఉంది, వేరే బ్యాంకు ఇప్పుడే ఇవ్వదు. కార్డులు తగ్గాక చూస్తామన్నారు. రేటు జూలై నుంచి 8.2, ఈఎంఐ 96 వేలకి దించుతామన్నారు.

మామయ్య గారికి ఎలా చెప్పాలో మాత్రం తెలియడం లేదు.

రిటైర్డ్_బ్యాంకోడు | జూన్ 22

ఆయన రైతు. అప్పు గురించి రైతుకి నువ్వు కొత్తగా చెప్పేదేముంది? నేరుగా చెప్పు. అంకెలతో చెప్పు.

తెనాలి_ఆడపడుచు | జూలై 6

చెప్పాం. చెప్పడానికి ఇద్దరం కలిసి వరండాలోకి వెళ్ళి చెరో పక్కన కూర్చుంటే ఆయనే "ఎంత?" అన్నారు. ఏం ఎంత మామయ్యా అన్నాను. "బాకీ ఎంత అని అడుగుతున్నా."

తెలుసట. హారం సంగతి పోయిన వ్రతం నాడే తెలుసట. "ఆ మెరుపు వేరమ్మా, మీ అత్త పెట్టిన బంగారం నాకు తెలీదా." ఏసీ ఎందుకు వేసుకోరు మామయ్యా అని నేను ఎన్నిసార్లు అడిగానో, పడదమ్మా అనేవారు. కరెంటు బిల్లు గేటు దగ్గర తీసుకునేది ఆయనే.

అంకెలన్నీ విన్నారు. కార్డు వడ్డీ నూటికి మూడున్నర అంటే "ఏడాదికా?" అన్నారు. నెలకి అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత మిర్చి సంగతి చెప్పారు. నల్ల తామర పురుగు పడిన ఏడు వాళ్ళ ఊళ్ళో సగం మంది ఇంకో మందు కొడితే నిలబడుతుందేమోనని వారం వారం కొడుతూ పోయారట. పక్క చేను ఆయన మాత్రం ఒకరోజు ట్రాక్టర్ పెట్టి పచ్చటి చేను దున్నించేసి శనగ వేశాడట. ఊరంతా పిచ్చోడన్నారు. "వాడికి ఆ ఏడు అప్పు లేదురా" అని మా వారితో అన్నారు. పొలం ఊసు ఆయన ఎత్తలేదు, మా వారూ ఎత్తలేదు. లేచి లోపలికి వెళ్తూ మా వారి తల మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళారు. అంతే.

ఇప్పటికి అనుకున్నది ఇదీ. కారు అమ్మేశాం, 11 లక్షల 30 వేలు వచ్చింది. లోన్ పోను మిగిలిన దాంతో ఒక కార్డు పూర్తిగా మూసేశాను. రెండోది బంగారం మీద ఇంకొంచెం తెచ్చి సగం చేశాను. విల్లా ముందు అద్దెకి. దసరా లోపు 2.60 కి తగ్గకుండా ఎవరైనా వస్తే అమ్మేస్తాం, ఈ షరతు మా వారే పెట్టారు. నేనైతే ఇవాళే అమ్మేస్తాను. కానీ ఆయన "అమ్మేస్తాం" అనే మాట నోటితో అనడమే నాకు పెద్ద విషయం. ఆషాఢంలో ఇల్లు మారొద్దని మామయ్య గారి మాట, 25న శ్రావణం వస్తుంది, అప్పటి దాకా పెట్టెలు సర్దుతున్నాం. క్లబ్‌హౌస్ పుట్టినరోజుల సామాను ఒక అట్టపెట్టె నిండా వచ్చింది, యునికార్న్ బెలూన్లు, మిగిలిన రిటర్న్ గిఫ్టులు నాలుగు.

కోశాధికారి గారికి ఫోన్ చేశాను. నాలుగు వాయిదాలు అన్నారు, అంతకంటే ఒక్క మాట అనలేదు. 29 వేలు మొదటిది కట్టేశాను. విల్లా నంబర్ చెప్పని వారూ, మీరే ఆయన అయితే నమస్కారం.

చందానగర్ గారూ, మీ చుట్టుపక్కల ఖాళీలు ఉంటే ఇన్‌బాక్స్ చేస్తారా? అద్దె 30 వేల లోపు. మామయ్య గారికి లిఫ్ట్ తప్పనిసరి, బాల్కనీలో పొద్దుటి ఎండ పడాలి. ఆరు కరివేపాకు మొక్కలు వస్తున్నాయి మాతో.